గాదంకి రాడార్‌ని మా మిద్దె మీదనుంచి పట్టుకున్నా

తిరుపతి నుంచి చంద్రగిరి దాటి పాకాల వైపు పోతుంటే గాదంకి వస్తుంది. టోల్‌గేటు ఉంది కాబట్టి పేరు అందరికీ తెలుసు, కానీ ఆ ఊరి పక్కనే 130 మీటర్ల పొడవు 130 మీటర్ల వెడల్పు నేలలో 1024 యాగీ యాంటెన్నాలు వరసలు కట్టి ఆకాశం వైపు నిలబడి ఉన్నాయని మా వీధిలో ఎంతమందికి తెలుసో మరి, నాకైతే రేడియో పిచ్చి పట్టేదాకా తెలీదు. అంతకుముందు ఆ రోడ్డులో చిత్తూరుకి ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు.

అది ఎంఎస్‌టీ రాడార్. మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే గాలి పొరలు మూడింటినీ చూస్తుంది కాబట్టి ఆ పేరు. అంతరిక్ష శాఖ కింద ఉండే నార్ల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) వాళ్లది, 1990ల మొదట్లో పని మొదలుపెట్టింది. పని చేసేది 53 మెగాహెర్ట్జ్ మీద, కట్టినప్పటి లెక్క ప్రకారం పీక్ పవర్ 2.5 మెగావాట్లు. విమానాల్ని వెతికే రాడార్ కాదు, గాలిని చూసే రాడార్. పైన గాలి సుడులు తిరిగే చోట వక్రీభవనం కొంచెం కొంచెంగా మారుతూ ఉంటుంది కదా, ఆ మార్పుల్లో రాడార్ తరంగంలో సగం సైజువి, అంటే సుమారు 2.8 మీటర్లవి, సిగ్నల్‌ని వెనక్కి తిప్పి కొడతాయి, అది పట్టుకుని ఏ ఎత్తులో గాలి ఎటు వీస్తా ఉందో చెప్తారు. మబ్బు లేకపోయినా, వాన లేకపోయినా, ఉత్త గాలిలోంచే. నాకు ఈ సంగతి మొదటిసారి అర్థమైన రోజు రాత్రి నిద్ర పట్టలేదు, నిజంగానే చెప్తున్నా.

అప్పుడే అనుకున్నా, అంత పెద్ద ట్రాన్స్‌మిటర్ మా ఇంటికి గీత గీసి కొలిస్తే 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉందే, నా చేతిలో ఉన్న చిన్న డాంగిల్‌తో అది దొరకదా అని.

దొరకలేదు. ఎనిమిది నెలలు దొరకలేదు. ఈ పోస్టు ఆ ఎనిమిది నెలల గురించే.

డాంగిల్ అంటే అదే, ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్. అసలు టీవీ చూడ్డానికి చేసిన యూఎస్‌బీ ముక్క, లోపల ఆర్‌టీఎల్2832యూ అనే చిప్పు, దాని ముందు ఆర్820టీ అనే ట్యూనరు. 2012 ప్రాంతంలో ఎవరో గమనించారు, ఈ చిప్పు టీవీ సిగ్నల్‌ని విప్పకముందు ఉండే పచ్చి శాంపిల్స్‌ని కూడా కంప్యూటర్‌కి పంపగలదని, అంతే, ప్రపంచం మొత్తం మీద మనలాంటోళ్లకి పండగ అయింది. 24 మెగాహెర్ట్జ్ నుంచి 1700 చిల్లర దాకా ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోబెట్టొచ్చు, ఒకేసారి 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు కళ్ల ముందు పరుచుకుంటుంది.

ఐ, క్యూ అని రెండు ధారలు వస్తాయి అందులోంచి. మా అక్క కొడుకు ఇక్కడే ఇంజనీరింగ్ చదువుతున్నాడు, "మామా, సిగ్నల్ ఒకటే కదా, రెండు ఎందుకు?" అని అడిగితే వాడికి గంగ జాతరలో జెయింట్ వీల్ చెప్పా. చక్రాన్ని సరిగ్గా అంచు వైపు నిలబడి చూస్తే తొట్టి పైకి పోతుంది కిందికి వస్తుంది, అంతే కనిపిస్తుంది, ముందుకి తిరుగుతుందా వెనక్కి తిరుగుతుందా చెప్పలేం. అదే ఇంకొకడు నెత్తిమీద నుంచి చూస్తే వాడికి తొట్టి ముందుకీ వెనక్కీ పోవడం కనిపిస్తుంది, వాడికీ అంతే, దిక్కు తెలీదు. ఇద్దరూ చూసింది ఒకే టైములో కలిపి రాసుకుంటే మాత్రం తొట్టి ఎక్కడుందో, ఎటు తిరుగుతుందో మొత్తం తెలిసిపోతుంది. ఐ ఒకడు, క్యూ ఇంకొకడు, ఇద్దరి మధ్యా 90 డిగ్రీలు. ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీకి పైన ఉన్న సిగ్నల్ ఒక వైపు తిరుగుతుంది, కింద ఉన్నది రెండో వైపు. వాడికి అప్పటికప్పుడే వెలిగింది, మొహంలో కనిపించింది నాకు.

సరే, మొదటి ప్రయత్నం. డాంగిల్‌తో వచ్చిన చిన్న కడ్డీ యాంటెన్నా మిద్దె పిట్టగోడ మీద పెట్టి 53కి ట్యూన్ చేశా. వాటర్‌ఫాల్ (తెర మీద ఫ్రీక్వెన్సీలు పైనుంచి కిందికి జారుతూ కనపడే బొమ్మ) నిండా గీతలు! అందులో ఒకటి మరీ నిటారుగా, గట్టిగా, 53కి కొంచెం పక్కన. ఆ రాత్రి గాదంకి దొరికేసిందనే అనుకున్నా. పొద్దున లేచి ఎందుకో అనుమానం వచ్చి యాంటెన్నా ఊడబీకి చూస్తే గీత అట్లనే ఉంది. అంటే అది గాలిలోంచి వచ్చింది కాదు, డాంగిల్లోనో లాప్‌టాప్‌లోనో పుట్టింది. వీటిని బర్డీలు అంటారు, డాంగిల్ లోపల 28.8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది, 28.8 దగ్గరా 57.6 దగ్గరా దాని గీతలు కచ్చితంగా కనపడతాయి, లాప్‌టాప్ ఇచ్చేవి వేరే. కొత్తగా మొదలుపెట్టే వాళ్లు ఏ గీత కనపడినా ముందు యాంటెన్నా పీకి చూడండి, ఆ తర్వాతే సంబరం.

తర్వాత యాంటెన్నా సరిగ్గా కట్టా. లెక్క సులభం, 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే అర తరంగం డైపోల్ (రెండు చేతుల యాంటెన్నా) పొడవు మీటర్లలో వస్తుంది. 53కి 2.7 మీటర్లు, ఒక్కో చెయ్యి 1.35. కర్టెన్లకి వాడే అల్యూమినియం పైపు రెండు ముక్కలు, మధ్యలో ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ టీ జాయింటు, కిందికి డిష్ టీవీకి వాడే ఆర్‌జీ6 కేబులు. అది 75 ఓంలది, డైపోల్ మధ్యలో కూడా దాదాపు 73 ఓంలు ఉంటుంది కాబట్టి బాగానే కుదురుతుంది, ఊరికే ఖరీదైన కేబుల్ కొనాల్సిన పని లేదు. గాదంకి మాకు నైరుతి దిక్కు, డైపోల్ వెడల్పు అటు చూసేట్టు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పరిచి కట్టా. ఉత్తరాన కొండ, తిరుమల లైట్లు, ఇటు పక్క నా కర్టెన్ పైపు. అమ్మ బట్టలారేసుకునే తీగ ఒకటి తీసేయాల్సి వచ్చింది, దానికి రెండు రోజులు మాట్లాడలేదు.

అయినా ఏమీ లేదు. గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే మోతాదు, తగ్గిస్తే అంతా నల్లగా, పెంచితే ఒక హద్దు దాటగానే కింద నాయిస్ ఫ్లోర్ (అడుగున ఎప్పుడూ ఉండే రొద) మొత్తం ఒక్కసారి పైకి లేచి కూర్చుంటుంది. కారణం మన ఊరి ఎఫ్ఎం స్టేషన్లు. ఆకాశవాణి తిరుపతి 103.2, ఇంకా ప్రైవేటు స్టేషన్లు, ఇవన్నీ మా మిద్దెకి చాలా దగ్గర. ఈ డాంగిల్లో ఏడీసీ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే భాగం) 8 బిట్లు మాత్రమే, అంటే 256 మెట్లు, పెద్ద సిగ్నలూ చిన్న సిగ్నలూ ఒకేసారి వస్తే 50 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలాల తేడాకి కొలత) తేడా దాటితే చిన్నది కనపడదు. పక్కింట్లో పెళ్లి మైకు పెట్టి ఉంటే మన వంటింట్లో కుక్కర్ విజిల్ ఎట్లా వినపడుతుంది.

ఇక్కడే నాకు ఈ విద్యలో అసలు సంగతి తెలిసింది. సాఫ్ట్‌వేర్ రేడియో అంటారు, నేనూ ఆ పేరు పట్టుకుని వేలాడా, మూడు నెలలు గ్నూ రేడియో అనే సాఫ్ట్‌వేర్‌లో రకరకాల ఫిల్టర్లు రాశా, ఆవరేజింగ్ పెట్టా. ఏడీసీ దగ్గర ఒకసారి పాడైపోయిన దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచెయ్యలేదు. ఫిల్టర్ చిప్పుకి ముందు ఉండాలి, రాగితో ఉండాలి.

అందుకే లో పాస్ ఫిల్టర్ కట్టా. 65 మెగాహెర్ట్జ్ కిందివి పోవాలి, 88 పైవి ఆగాలి. చెబిషెవ్ అనే రకం, ఏడు ముక్కలది, నాలుగు కెపాసిటర్లు, మూడు కాయిళ్లు. లెక్క వేస్తే అదృష్టానికి కెపాసిటర్ల విలువలు షాపులో దొరికేవే వచ్చాయి, రెండు చివర్లా 56 పీకోఫారడ్లు, లోపల రెండు 100. కాయిళ్లు చివరివి రెండూ 174 నానోహెన్రీలు, నడిమిది 193. ఇవి ఎక్కడా అమ్మరు, చుట్టుకోవాలి. బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపుకి పోయి 21 గేజ్ రాగి వైరు కావాలంటే ఆయన "ఎన్ని కేజీలన్నా?" అన్నాడు, నాకు ఒక గజం చాలన్నా. "గజానికి దుడ్డు ఏం తీసుకునేది, పట్టుకుపో" అని ముక్క తెంపి చేతిలో పెట్టాడు.

ఆ వైరు మీద ఎనామిల్ కొసల్లో బ్లేడుతో గీకి, 6 ఎంఎం డ్రిల్ బిట్ కాడ మీద ఆరు చుట్లు చుట్టి, బిట్ లాగేస్తే స్ప్రింగు లాగా నిలబడుతుంది. చుట్లు దగ్గరికి నొక్కితే విలువ పెరుగుతుంది, గోరుతో విడదీస్తే తగ్గుతుంది. కాయిల్ మొత్తం పొడవు 7 మిల్లీమీటర్లు ఉంటే 160 చిల్లర, 6కి నొక్కితే 180. అంటే ఒక్క మిల్లీమీటరుతో ఇంత తేడా. పక్కపక్క కాయిళ్లు ఒకదానికొకటి అడ్డంగా, 90 డిగ్రీలు తిప్పి సోల్డర్ చేయాలి, లేకపోతే ఒకదాని అయస్కాంత క్షేత్రం ఇంకోదానిలోకి దూరి ఫిల్టర్ ఉన్నా లేనట్టే. ముందు నేను మూడూ ఒకే వరసలో పెట్టి, ఎందుకు పనిచెయ్యట్లేదని ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నా. అన్నీ అయ్యాక నానోవీఎన్ఏ (ఫిల్టర్ ఏ ఫ్రీక్వెన్సీని ఎంత వదులుతుందో చూపించే చిన్న పరికరం) తగిలించి, అగ్గిపుల్లతో చుట్లు ఒక్కొక్కటీ జరుపుతా ఉంటే తెర మీద గీత వంగుతూ వంగుతూ 65 దగ్గర కొండ అంచు లాగా తెగిపడింది. 103 దగ్గర 40 డీబీ కింద. ఆ గీత ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో వాల్‌పేపర్.

ఫిల్టర్ పెట్టాక గెయిన్ ఎంత పెంచినా ఫ్లోర్ కదల్లేదు. కానీ గాదంకి అప్పటికీ లేదు, ఎందుకంటే ఎఫ్ఎం పోయాక దాని వెనకాల దాక్కున్నది బయటపడింది, అది మా వీధి. ఎల్‌ఈడీ బల్బులు, వైఫై అడాప్టర్లు, చార్జర్లు, ఇన్వర్టర్లు, అన్నిట్లో ఉండే స్విచింగ్ సప్లైలు కలిసి 30 నుంచి 60 మెగాహెర్ట్జ్ దాకా ఒక దుప్పటి లాగా కప్పేస్తాయి. మా ఇంట్లో ఒక్కో స్విచ్చీ ఆర్పుతా లాప్‌టాప్ చూస్తా వెతికితే హాల్లో ఉన్న ఒక్క బల్బు ఒక్కటే 6 డీబీ పెంచుతా ఉంది. దాన్ని మార్చా. కేబుల్‌ని యాంటెన్నా దగ్గర ఫెరైట్ రింగులో ఆరేడు చుట్లు తిప్పా, కేబుల్ పైపొర మీదుగా ఇంటి నాయిస్ పాకి పోకుండా. ఇంకో 4 డీబీ తగ్గింది. వీధినంతా ఎట్లా ఆర్పేది?

మే నెలలో గాలివాన కరెంటు తీసేసి ఆ పని చేసింది. ఏడున్నర అప్పుడు ఊరు ఊరంతా చీకటి. వాన వెలిసింది, మెరుపులు తూర్పుకి పోయాయి (మెరుపు ఉన్నంతసేపూ కేబుల్ ఊడబీకి మిద్దె కింద ఉంటాను, దీనిలో మాత్రం ఎవ్వరూ ధైర్యం చేయొద్దు). పరిగెత్తుకుంటా పోయి ఇన్వర్టర్ కూడా ఆర్పేశా. కింద నుంచి అమ్మ "ఒరే, ఫ్యాను ఆగిపోయిందేమిరా, ఇన్వర్టర్ ఎందుకు ఆర్పినావు, దోమలు కుడతాండాయి" అని కేక వేసింది, "పది నిమిషాలుమ్మా" అన్నా. లాప్‌టాప్ బ్యాటరీ మీద. నాయిస్ ఫ్లోర్ చూస్తే 12 డీబీ కింద, అంత నల్లటి వాటర్‌ఫాల్ నేను ఆ మిద్దె మీద ఎప్పుడూ చూళ్లేదు. ఆ నలుపులో 53కి అటూ ఇటూ సన్నగా, దువ్వెన పళ్లు లాగా, సమాన దూరంలో గీతలు.

యాంటెన్నా పీకా. పోయాయి. పెట్టా. వచ్చాయి. చేతులు వణికాయి నాకు.

గీతల మధ్య దూరం కొలిస్తే 500 హెర్ట్జ్. ఎందుకు గీతలు గీతలుగా వస్తుందంటే, రాడార్ నిరంతరంగా పంపదు, పల్సులు కొడుతుంది. సెకనుకి ఎన్నిసార్లు అదే నమూనా తిరిగొస్తే ఫ్రీక్వెన్సీలో అంత దూరంలో పళ్లు వస్తాయి. సెకనుకి 1000 పల్సులు అయితే 1000 హెర్ట్జ్ రావాలి కదా, 500 ఏంటి అని రెండు రోజులు బుర్ర గోక్కున్నా. తర్వాత గుర్తొచ్చింది, ఇలాంటి రాడార్లు ఒక్కో పల్సులో ఫేజ్‌ని తిప్పి ఒక కోడ్ పెడతాయి, కోడ్లు జంటగా ఉంటాయి, ఒక పల్సుకి ఒకటి, తర్వాతి పల్సుకి దాని జోడీ. అంటే నమూనా మొత్తం రెండు పల్సులకోసారి తిరిగొస్తుంది. 1000లో సగం 500. కాగితం మీద రాసుకున్న లెక్క నా తెర మీద గీతలతో కలిసిన క్షణం ఉంది చూడండి, దానికోసం ఎన్ని ఆదివారాలైనా ఇస్తాను.

అయినా వేరేదేమో అన్న అనుమానం ఉండకూడదని, ఇంకోరోజు మా మేనల్లుడిని బండి వెనకాల ఎక్కించుకుని, లాప్‌టాప్ వాడి ఒళ్లో, చిన్న కడ్డీ యాంటెన్నా వాడి చేతిలో, చంద్రగిరి మీదుగా బయల్దేరాం. కోట దాటాక వాడు "మామా గీతలు వచ్చేసినాయి" అన్నాడు. గాదంకి దగ్గరికి వచ్చేసరికి డాంగిల్ మునిగిపోయింది, గెయిన్ సున్నాకి తెచ్చినా, చివరికి యాంటెన్నా తీసేసినా, ఉత్త డాంగిల్‌లోకే దూరి వస్తా ఉంది. రోడ్డు పక్కన చింతచెట్టు కింద బండి ఆపి స్పీకర్ పెడితే సన్నగా ఒకే శ్రుతిలో జుయ్‌మని మోత. ఒక ముసలాయన ఆగి ఏంది నాయనా అది అంటే, తాతా, అదిగో ఆ రాడార్ మాట ఇది అని చెప్పా. కాసేపు నిలబడి విని "ఇన్నేండ్లుగా ఇట్ల అరస్తాండాదా" అన్నాడు.

ఆ తర్వాత సంగతులు క్లుప్తంగా. ఆర్820టీ 24 కింద వినదు కాబట్టి 7 మెగాహెర్ట్జ్ హ్యాముల (లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునే వాళ్ల) బ్యాండ్ కోసం వేరే రిసీవర్ నేనే కట్టా. ఎస్ఐ5351 చిప్పు 28.4 మెగాహెర్ట్జ్ ఇస్తుంది, 74ఏసీ74 దాన్ని నాలుగుతో భాగించి 90 డిగ్రీల తేడాతో రెండు 7.1లు చేస్తుంది, ఎఫ్ఎస్‌టీ3253 స్విచ్చు వాటితో యాంటెన్నా సిగ్నల్‌ని తరిగి ఐ, క్యూ ఇస్తుంది, మిగతాది యూఎస్‌బీ సౌండ్ కార్డు. ముందు 5 శాతం రెసిస్టర్లు వాడితే ప్రతి స్టేషనూ రెండుచోట్ల కనపడింది, ఒకటి అసలు, ఇంకోటి అద్దంలో బొమ్మ. మల్టీమీటర్ పట్టుకుని ఒక కట్ట రెసిస్టర్లలోంచి సరిగ్గా సమానమైన జతలు ఏరి పెట్టాక బొమ్మ మాయమైంది. పొద్దున పూట దక్షిణాది హ్యాములు ఒకరినొకరు పలకరించుకుంటా ఉంటే కాఫీ తాగుతా వింటా. హైదరాబాద్ అష్హర్ ఫర్హాన్ గారి బిట్‌ఎక్స్ రేడియో ఉంది కదా, కాయిళ్లు కొళాయి వాషర్ల మీద చుట్టుకోమని చెప్పిన డిజైను, ఖరీదైన విదేశీ పార్టులు లేకపోయినా రేడియో కట్టొచ్చని మనలాంటోళ్లకి చూపించింది ఆయనే. మాట్లాడాలంటే మాత్రం కేంద్ర టెలికాం శాఖలో డబ్ల్యూపీసీ వాళ్ల పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాల్సిందే, రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ (చుక్కలూ గీతల సంకేతాలు) అక్కర్లేదు, జనరల్‌కి నిమిషానికి 8 పదాలు రావాలి. నేను ఇప్పుడు ఆ 8 దగ్గరే ఉన్నా, రోజూ అరగంట.

కానీ నన్ను మిద్దె మీదికి లాగుతా ఉండేది ఇప్పటికీ గాదంకే. ప్రతిరోజూ దొరకదు, కొన్ని సాయంత్రాలు అసలు ఉండదు. ఉన్న రోజున ఒక్క పంటిని తీసుకుని, గ్నూ రేడియోలో కుదించి, సెకను సెకను డేటాకి ఒక ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) వేస్తే 1 హెర్ట్జ్ తేడా కూడా విడిగా కనపడుతుంది. అట్లా చూస్తుంటే ఒకరోజు గీత పక్కన ఇంకో సన్న గీత మొలిచి, వంగుతూ దూరం పోయి ఆరిపోయింది. మేనల్లుడే కనిపెట్టాడు, "మామా, రేణిగుంట ఫ్లైటు".

రాడార్ నుంచి పక్కలకి చిందే కొంచెం సిగ్నల్ విమానానికి తగిలి మా మిద్దెకి వస్తుందన్నమాట. తరంగం 5.66 మీటర్లు, దిగే విమానం సెకనుకి 70 మీటర్ల చొప్పున పోతుందనుకుంటే డాప్లర్ (కదిలేదానికి తగిలి వచ్చిన సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో తేడా) మహా అయితే 25 హెర్ట్జ్. అయితే పడమటి నుంచి వచ్చే ఫ్లైటు గాదంకికీ మాకూ మధ్యలో ఉన్నంతసేపూ రాడార్‌కి ఎంత దూరం అవుతుందో మాకు అంత దగ్గరవుతుంది, మొత్తం దారి మారదు, కాబట్టి డాప్లర్ దాదాపు సున్నా. మా మిద్దె దాటాక ఇద్దరికీ దూరం అవుతుంది. డాంగిల్ క్రిస్టల్ వేడికి జరిగినా రెండు గీతలూ కలిసే జరుగుతాయి, మధ్య తేడా చెక్కుచెదరదు.

నిన్న రాత్రి మళ్లీ చూశాం. వాడు చాప మీద లాప్‌టాప్ ముందు, నేను పిట్టగోడ దగ్గర. పడమటి నుంచి లైట్లు కనపడ్డాయి, "ఏమన్నా ఉందా?" అంటే "లేదు మామా, అతుక్కునే ఉంది" అన్నాడు. మోత దగ్గరికొచ్చింది, నెత్తిమీద నుంచి పోయింది. "విడిపోయింది! కిందికి పోతాంది, 5... 11... 18..." అని చదవడం మొదలుపెట్టాడు, నేను తూర్పు వైపు తిరిగి లైట్లు చూస్తా నిలబడ్డా. 23 దగ్గర ఆగింది. రేణిగుంట చెట్ల వెనక లైట్లు దిగిపోయాయి, వాడు "పోయింది" అన్నాడు, నోటుబుక్కులో టైము రాసుకున్నాడు, 8:14.